బకెట్ల మీద మొదలైన దరువు
(నల్ల గొంతుకల చరిత్ర – 14వ భాగం)

పోయిన వారం మనం న్యూయార్క్ కోర్టు దగ్గర ఆగాం. 1991 డిసెంబరు నాటి ఆ తీర్పు తర్వాత, పాత రికార్డులోంచి నాలుగు సెకన్ల ముక్క (శాంపిల్) తీసి వాడుకోవాలన్నా హక్కుదారు అనుమతి తప్పనిసరైంది. దెబ్బ తగిలింది ఆ కేసులో ఓడిన రాపర్ బిజ్ మార్కీ ఒక్కడికే కాదు. అప్పటిదాకా హిప్‌హాప్ పాట తయారవుతున్న పద్ధతికే తగిలింది. డబ్బున్న కంపెనీలు రుసుము కట్టి పని కానిచ్చుకున్నాయి. లేనివాళ్లు శాంపిళ్లు తగ్గించుకున్నారు.

ఫిలడెల్ఫియాలో ఒక బృందానికి మాత్రం ఈ గొడవ పెద్దగా తగల్లేదు. అందులోని ఇద్దరు కుర్రాళ్లు అంతకు నాలుగేళ్ల ముందే రికార్డుల అవసరం లేకుండా రాప్ చేయడం మొదలుపెట్టారు. అది సిద్ధాంతం కోసం చేసింది కాదు. రెండు టర్న్‌టేబుళ్లు, ఒక మిక్సరు, గోతాముల కొద్దీ రికార్డులు కొనే స్తోమత వాళ్లకు లేదు. ఒకడికి డ్రమ్ములు వచ్చు, ఇంకొకడికి మాట వచ్చు. రికార్డులో ఉండాల్సిన దరువును మొదటివాడు చేత్తోనే వాయించేవాడు, దాని మీద రెండోవాడు అల్లుకుపోయేవాడు. ఆ బృందం పేరు ‘ది రూట్స్’.

సామాజిక స్పృహ ఉన్న హిప్‌హాప్ అనగానే అందరం పాటలోని మాటల్లోనే దాన్ని వెతుకుతాం. పోలీసు దౌర్జన్యం గురించి ఏమన్నారు, మత్తుమందుల గురించి ఏమన్నారు అని చూస్తాం. రూట్స్ దగ్గర మాటలకు కొదవ లేదు. అయితే నాకు వాళ్ల స్పృహ అంతకంటే ముందు, పాట పుట్టే పద్ధతిలోనే కనిపిస్తుంది. యంత్రంతో ఒక్కడు చేయగల పనికి వాళ్లు పదిమందిని కూడగట్టారు. ఊళ్లో ఉన్న చేతులకు పని కల్పించారు, గొంతులకు చోటిచ్చారు. ఈ భాగమంతా నేను చెప్పబోయేది దాని గురించే.

ముందు ఆ ఊరి సంగతి చెప్పుకోవాలి. ‘ఏడు తరాలు’ చదివిన తెలుగు పాఠకులకు బానిసత్వం నాటి కథ తెలుసు. దక్షిణాది పొలాలు వదిలి ఉత్తరాది నగరాలకు లక్షల మంది తరలివచ్చిన కథ మన ధారావాహికలో మూడో భాగంలో చూశాం. అలా వచ్చి స్థిరపడినవాళ్ల పిల్లలు పెరిగిన నగరాల్లో ఫిలడెల్ఫియా ఒకటి. 1971లో కెన్నీ గ్యాంబుల్, లియాన్ హఫ్ అనే ఇద్దరు పాటల రచయితలు అక్కడ ‘ఫిలడెల్ఫియా ఇంటర్నేషనల్ రికార్డ్స్’ పెట్టారు. సిగ్మా సౌండ్ స్టూడియోలో వయొలిన్లు, బాకాలు, గిటార్లు, డ్రమ్ములు పట్టుకుని ముప్పై మందికి పైగా వాద్యకారులు కూర్చునేవారు. ‘ఎమ్‌ఎఫ్‌ఎస్‌బీ’ అనే ఆ ఆస్థాన బృందం వాయించిందే ‘సోల్ ట్రెయిన్’ టీవీ కార్యక్రమానికి ప్రారంభ సంగీతమైంది. పాట నాట్యమాడించాలి, నాలుగు మంచి మాటలూ చెప్పాలి అన్నది గ్యాంబుల్ పట్టుదల. రూట్స్ కుర్రాళ్లు పెరిగి పెద్దయ్యేనాటికి ఆ ఊరికి ఈ రెండూ అలవాటై ఉన్నాయి.

ఇదే ఊరికి ఇంకో ముఖం ఉంది. పోలీసు కమిషనర్‌గానూ తర్వాత మేయర్‌గానూ ఫ్రాంక్ రిజ్జో నడిపిన రోజుల్లో నల్లవాళ్ల పేటల్లో పోలీసు లాఠీకి అడ్డు లేదు. ఆ తర్వాత నల్లజాతి మేయరే వచ్చాడు. కానీ ఆయన హయాంలోనే, 1985 మే 13న, వెస్ట్ ఫిలడెల్ఫియా ఓసేజ్ అవెన్యూలో ‘మూవ్’ సంస్థ వాళ్లున్న ఇంటి మీద పోలీసులు హెలికాప్టర్ నుంచి బాంబు వేశారు. మంటలు లేచాయి. వాటిని వెంటనే ఆర్పలేదు, కాలనిచ్చారు. ఐదుగురు పిల్లలతో సహా పదకొండు మంది చనిపోయారు. చుట్టుపక్కల 61 ఇళ్లు బూడిదయ్యాయి. సొంత పౌరుల మీద, సొంత ఊళ్లో, సర్కారు వేసిన బాంబు అది. మన కథానాయకులు ఇద్దరూ అప్పటికి బడికి వెళ్లే పిల్లలు. ఇలాంటి ఊళ్లో పెరిగిన పిల్లవాడు రాసే పాటలో కోపం ఎక్కణ్నుంచి వచ్చిందని అడగాల్సిన పని లేదు.

అహ్మీర్ థాంప్సన్ 1971 జనవరిలో పుట్టాడు. తర్వాత లోకానికి ‘క్వెస్ట్‌లవ్’గా తెలిసిన డ్రమ్మర్ ఇతనే. తండ్రి లీ ఆండ్రూస్ 1950ల చివర్లో ‘లీ ఆండ్రూస్ అండ్ ది హార్ట్స్’ పేరుతో హిట్లు కొట్టిన డూ-వాప్ గాయకుడు. పాత పాటలకు మళ్లీ గిరాకీ వచ్చాక కుటుంబమంతా కచేరీల వెంట తిరిగేది. అహ్మీర్ ఏడేళ్లకే వేదికెక్కి డ్రమ్ములు వాయించాడు. పదమూడేళ్లకు తండ్రి బృందానికి సంగీత సారథి అయ్యాడు. వేళకు రావడం, చెప్పింది చెప్పినట్టు వాయించడం, గాయకుడికి అడ్డం పడకుండా ఉండటం అతనికి ఆ ఇంట్లో అబ్బిన చదువు.

తారీఖ్ ట్రాటర్ పెరిగిన తీరు వేరు. పసితనంలోనే తండ్రి హత్యకు గురయ్యాడు. ఆరేళ్ల వయసులో లైటరుతో ఆడుకుంటూ ఉంటే నిప్పంటుకుని ఇల్లే కాలిపోయింది. హైస్కూల్లో ఉండగా తల్లినీ ఎవరో చంపేశారు. ఇవన్నీ అతను 2023లో వచ్చిన తన ఆత్మకథలో రాసుకున్నాడు. ‘బ్లాక్ థాట్’ అనే పేరుతో ముప్పై ఏళ్లుగా అతను రాస్తున్న పాటల్లో ఈ నష్టాల ప్రస్తావన చాలాకాలం దాకా పెద్దగా కనిపించదు. పేట గురించి, దేశం గురించి, మాట మీద తన పట్టు గురించి ఎంతైనా చెప్పేవాడు. తన గాయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు కట్టేసుకునేవాడు.

ఇద్దరూ కలిసింది ఫిలడెల్ఫియాలోని లలితకళల ప్రభుత్వ హైస్కూల్లో. తారీఖ్ చేరింది బొమ్మలు నేర్చుకోవడానికి, అహ్మీర్ చేరింది సంగీతానికి. అదే బడిలో అదే కాలంలో చదివినవాళ్ల పేర్లు చూడండి: జాజ్ బేస్ వాద్యకారుడు క్రిస్టియన్ మెక్‌బ్రైడ్, ఆర్గాన్ వాయించే జోయీ డిఫ్రాన్సెస్కో, ‘బాయిజ్ టు మెన్’ కుర్రాళ్లు. ఇదంతా ఒక సర్కారు బడి. అమెరికా నగరాలు ఖర్చు తగ్గించుకోవడానికి బడుల్లో సంగీతం పీరియడ్లకే ముందు కత్తెర వేస్తున్న కాలంలో, పేద పిల్లల చేతికి వాయిద్యం ఇచ్చిన బడి. రూట్స్ విజయంలో ఆ బడి వాటా గురించి ఎవరూ తగినంతగా రాయలేదని నా బాధ.

భోజనాల గదిలో అహ్మీర్ బల్ల మీద దరువు వేస్తే తారీఖ్ రాప్ చేసేవాడు. 1987లో జట్టు కట్టారు. మొదట ‘రేడియో యాక్టివిటీ’ అన్నారు, తర్వాత ‘బ్లాక్ టు ది ఫ్యూచర్’ అన్నారు, ఆ తర్వాత ‘స్క్వేర్ రూట్స్’ అన్నారు. ఆ పేరుతో అప్పటికే ఊళ్లో ఒక జానపద బృందం ఉందని తేలాక ముందు మాట తీసేసి ‘రూట్స్’ అయ్యారు. బడి బయట వాళ్ల వేదిక సౌత్ స్ట్రీట్. బట్టల దుకాణాలు, తినుబండారాల కొట్లు, రికార్డుల షాపులతో సందడిగా ఉండే వీధి అది. పూర్తి డ్రమ్ సెట్టు మోసుకెళ్లనక్కర్లేకుండా ప్లాస్టిక్ బకెట్లు బోర్లించి అహ్మీర్ వాయించేవాడు. దారినపోయేవాళ్లు ఆగి చిల్లర వేసేవారు. ఆ తర్వాత బేస్ గిటార్‌తో జాష్ ఏబ్రమ్స్ వచ్చాడు, రెండో రాపర్‌గా మాలిక్ బి. వచ్చాడు. ఏబ్రమ్స్ వెళ్లాక అతని చోటులోకి లెనార్డ్ హబ్బర్డ్ వచ్చాడు. అందరూ ‘హబ్’ అనేవారు. నోట్లో ఎప్పుడూ ఒక పుల్ల నములుతూ, మొహంలో ఏ భావం లేకుండా, నేల అదిరేలా బేస్ వాయించేవాడు.

వీళ్లను చేరదీసిన పెద్దదిక్కు రిచర్డ్ నికల్స్. టెంపుల్ యూనివర్సిటీ రేడియోలో జాజ్ వినిపించే మనిషి. మేనేజరు అనేది అతని పనికి చాలని మాట. పాట వింటాడు, తప్పు చూపిస్తాడు, పుస్తకం చేతికిస్తాడు, వాదిస్తాడు. బృందానికి ఆలోచనాపరుడైన అన్నయ్య అని చెప్తే సరిపోతుంది. 2014లో లుకేమియాతో చనిపోయేదాకా ప్రతి ఆల్బమ్ వెనకా అతను ఉన్నాడు.

జర్మనీలో ఒక కచేరీకి పిలుపొచ్చింది. అక్కడ అమ్ముకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని సొంతంగా రికార్డు చేసుకున్నదే ‘ఆర్గానిక్స్’, 1993లో వచ్చింది. దాన్ని చూసి గెఫెన్ అనుబంధ సంస్థ డీజీసీ ఒప్పందం రాసుకుంది. 1994లో కొంతకాలం లండన్‌లో కాపురం పెట్టి యూరప్ అంతా తిరిగి వాయించారు. స్వదేశంలో పేరు రాకముందే పరదేశంలో జనాన్ని కూడగట్టుకోవడం నల్లజాతి సంగీతకారులకు కొత్తేమీ కాదు. జాజ్ వాళ్లు నడిచిన దారే అది.

1995 జనవరి 17న వచ్చింది మొదటి పెద్ద ఆల్బమ్ ‘డూ యూ వాంట్ మోర్’. లైవ్ వాద్యాలతో రాప్ చేసిన మొదటివాళ్లు వీళ్లే అనడం సరికాదు. షుగర్ హిల్ కంపెనీ తొలి రికార్డుల వెనక వాయించింది మనుషులే. బ్రూక్లిన్ ‘స్టెట్సాసోనిక్’ బృందం తమను హిప్‌హాప్ బ్యాండ్ అనే చెప్పుకుంది. కానీ ఆల్బమంతా ఒక జట్టు ఒకే గదిలో కూర్చుని వాయించినట్టు వినిపించడం, దాని మీదే జీవితకాలం నిలబడటం వీళ్లతోనే మొదలైంది. ఆ ఆల్బమ్ పేరే పెట్టుకున్న పాటలో ఒక బ్యాగ్‌పైప్ వినిపిస్తుంది. వాయించింది రూఫస్ హార్లీ. స్కాట్లాండ్ వాళ్ల ఆ తిత్తి వాయిద్యాన్ని జాజ్‌లోకి లాక్కొచ్చిన ఫిలడెల్ఫియా నల్లజాతి పెద్దాయన. 1960ల్లో రికార్డులు చేసినవాడు. ఇరవై ఏళ్లు దాటిన కుర్రాళ్లు ఊళ్లోని ఆ పెద్దాయన్ని వెతికి పట్టుకుని రాప్ ఆల్బమ్‌లో కూర్చోబెట్టారు. ఆయన రికార్డులోంచి ముక్క కత్తిరించుకుని ఉండొచ్చు. మనిషినే పిలిచారు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో క్లైడ్ స్టబ్బుల్‌ఫీల్డ్ సంగతి గుర్తు చేసుకుంటే అర్థమవుతుంది. జేమ్స్ బ్రౌన్ పాట ‘ఫంకీ డ్రమ్మర్’లో అతను వాయించిన కొద్ది సెకన్ల దరువును వందలాది రాప్ పాటలు వాడుకున్నాయి. పాట హక్కులో డ్రమ్మర్‌కు వాటా లేదు. ఆ రోజు కూలి తీసుకుని ఇంటికి వెళ్లాడు, అంతే. శాంప్లింగ్‌ను నేను తప్పు పట్టడం లేదు. అదొక గొప్ప కళ అని గత రెండు భాగాల్లో రాశాను. ఆ కళకు పునాది వేసిన చేతులకు కూలి మిగల్లేదన్నదీ నిజం. రూట్స్ కచేరీలో దరువు వేసిన చెయ్యి జనం కళ్లెదుట ఉంటుంది, కూలీ దానికే పోతుంది.

క్వెస్ట్‌లవ్ వాయించే తీరు కాస్త దగ్గరగా విని చూడండి. మామూలుగా డ్రమ్మర్‌కు నాలుగు వరుసలు దాటేసరికి చెయ్యి దురద పెడుతుంది. ఒక చిన్న ఉరుకు, ఒక తిరుగుడు, తాళం పళ్లెం మీద ఒక పెద్ద మోత పడాల్సిందే. ఇతను వెయ్యడు. కిక్, స్నేర్, హై-హ్యాట్, అవే రెండు ఆవృత్తాలు, పాటంతా, ఇంచుమించు మారకుండా. స్నేర్ దెబ్బ పొడిగా, ప్రతిధ్వని లేకుండా, పాత రికార్డు గాడిలోంచి వచ్చినట్టు పడుతుంది. మొదటిసారి విన్నవాళ్లు అది యంత్రమే అనుకుంటారు. మనిషి వాయించినదాన్ని యంత్రం కత్తిరించి చక్రంలా తిప్పింది, ఆ చక్రాన్ని మళ్లీ మనిషి చేత్తో పట్టుకున్నాడు. అంత నిగ్రహం ఎందుకంటే పైన బ్లాక్ థాట్ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతున్నాడు. మాట వినపడాలి. తండ్రి వెనక కూర్చుని నేర్చుకున్న క్రమశిక్షణ అక్కడ పనికొచ్చింది.

గొంతుల విషయంలోనూ ఇదే పద్ధతి. కంపెనీతో చేసిన మొదటి మూడు ఆల్బమ్‌లనూ ముగించే బాధ్యత ఫిలడెల్ఫియా కవయిత్రి అర్సులా రకర్‌కు ఇచ్చారు. గంటసేపు మగవాళ్లు ఒకరిని మించి ఒకరు మాట్లాడాక చివరి మాట ఒక స్త్రీది. మొదటి ఆల్బమ్‌లోని కవిత ‘ది అన్‌లాకింగ్’ ఒకే గదిలో వరసగా వచ్చే మగవాళ్ల చేతుల్లో నలిగిపోయే స్త్రీ కథ. చివరికి ఆమె తుపాకీ అందుకుని ఎదురు తిరుగుతుంది. 1995 నాటి రాప్‌లో ఆడవాళ్లను ఎలా చిత్రిస్తున్నారో మనం చూశాం. పాటలు విని ఊగిపోయిన శ్రోత ఆ కవిత దగ్గరికి వచ్చేసరికి ఆగిపోక తప్పదు. సామాజిక స్పృహ అని మెడలో బిళ్ల వేసుకోవడం తేలిక. తమ ఆల్బమ్‌లో తమ తోటి మగవాళ్లనే నిలదీసే చోటు ఇవ్వడానికి గుండె కావాలి.

అన్నిసార్లూ వాళ్ల నిశానా సరిగ్గా తగల్లేదు. 1996 ఆల్బమ్ ‘ఇల్లాడెల్ఫ్ హాఫ్‌లైఫ్’లో ‘వాట్ దే డూ’ పాటకు తీసిన వీడియో అప్పటి రాప్ వీడియోల ఆర్భాటాన్ని ఎగతాళి చేసింది. అద్దె బంగళా, అద్దె కార్లు, షాంపేన్, ఈత కొలను పక్కన అమ్మాయిలు, కింద అక్షరాల్లో అసలు సంగతి. చాలామంది మెచ్చుకున్నారు. రాపర్ నొటోరియస్ బి.ఐ.జి. మాత్రం నొచ్చుకున్నాడు. అందులో తన వీడియో పోలికలు కనిపించాయి, పైగా అతను రూట్స్‌ను అభిమానించి నలుగురిలో మెచ్చుకున్నవాడు. ఆ ముడి విప్పుకునే లోపే 1997 మార్చిలో అతన్ని కాల్చి చంపారు. క్వెస్ట్‌లవ్ తన జ్ఞాపకాల పుస్తకంలో దీని గురించి బాధపడుతూ రాశాడు. ఆ బాధ న్యాయమైనదే. పేదరికంలోంచి వచ్చిన కుర్రాడు బంగారం చూపించుకుంటే నవ్వడం సులువు. ఆ బంగారం అతనికి ఏమిటో అడగడం కష్టం.

ఇంకో చిక్కు వాళ్లను లోపల తినేసింది. కచేరీకి వచ్చే జనంలో తెల్ల కాలేజీ కుర్రాళ్లే ఎక్కువ. ఎవరి కోసం వాయిస్తున్నామో వాళ్లు రావడం లేదు. 1999 ఆల్బమ్ మొదలయ్యేదే ఈ గొడవతో. స్పైక్ లీ సినిమా ‘మో బెటర్ బ్లూస్’లో నల్లవాళ్లు జాజ్ వినడానికి ఎందుకు రావడం లేదని ఇద్దరు వాద్యకారులు తగువుపడే సంభాషణను ముందు పెట్టారు. వాళ్లు ఆ సమస్యకు వెతికిన పరిష్కారం నాకు చాలా ఇష్టం. సౌత్ ఫిలడెల్ఫియాలో సెయింట్ ఆల్బన్స్ వీధిలోని క్వెస్ట్‌లవ్ ఇంటి తలుపులు తెరిచేశారు. ముందు గదిలో వాయిద్యాలు పెట్టారు. పాడేవాళ్లు, రాసేవాళ్లు, ఊరికే వినేవాళ్లు అందరూ రావచ్చు. జిల్ స్కాట్, మ్యూజిక్ సోల్‌చైల్డ్, బిలాల్ ఆ రోజుల్లో ఆ చుట్టూ తిరిగినవాళ్లే. ఇల్లు చాలక ఆ జామ్ సెషన్లు ‘ఫైవ్ స్పాట్’ క్లబ్బుకు మారాయి. అక్కడ ‘జాజీఫ్యాట్‌నాస్టీస్’ గాయనులు నడిపిన ‘బ్లాక్ లిలీ’ రాత్రుల్లో ముందు వరస ఆడవాళ్లది. చిన్నారి జాజ్మిన్ సల్లివన్ పాడింది కూడా అక్కడే. ఒక బ్యాండ్ తన శ్రోతలు రావడం లేదని వాపోకుండా, ఒక ఊరి సంగీతాన్నే మళ్లీ కూడగట్టింది.

1999 ఫిబ్రవరి 23న వచ్చిన ఆ ఆల్బమ్ పేరు ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’. నైజీరియా రచయిత చినువా అచేబె 1958 నవల పేరు అది. తెల్లవాళ్ల రాకతో ఇబో గ్రామం లోపల్నుంచి పగిలిపోయే కథ. డబ్బు వచ్చిపడ్డాక హిప్‌హాప్‌కూ అదే గతి పడుతోందన్నది వాళ్ల భయం. ఐదు రకాల అట్టలతో విడుదల చేశారు. అందరికీ గుర్తుండిపోయినది ఒకటే: 1960ల నాటి బ్రూక్లిన్‌లో పోలీసులు తరుముతుంటే పరుగెత్తుతున్న ఇద్దరు నల్ల పిల్లలు. అమ్మాయి మొహం మన వైపే ఉంటుంది. ఆ ఆల్బమ్ చేతికి తీసుకుంటే ఇంకో విశేషం కనిపిస్తుంది. మొదటి పాట పక్కన 1 అని ఉండదు, 54 అని ఉంటుంది. ‘ఆర్గానిక్స్’ మొదటి పాట నుంచి లెక్క కొనసాగిస్తూ వచ్చారు. ఒక్కో ఆల్బమూ కొత్త సరుకు కాదు, ఒకే పుస్తకంలో తర్వాతి అధ్యాయం అని చెప్పినట్టు.

అందులోదే ‘యూ గాట్ మీ’. ఊళ్లు పట్టుకు తిరిగే వాద్యకారుడికీ ఇంటి దగ్గరున్న మనిషికీ మధ్య నమ్మకం గురించిన పాట. పల్లవి రాసింది జిల్ స్కాట్, మొదట పాడిందీ ఆమే. ఇంకా పేరు లేని పిల్ల అని కంపెనీ ఒప్పుకోలేదు. ఎరికా బాడుతో పాడించారు. రూట్స్ ఆ తర్వాత అదే ఏడాది లైవ్ ఆల్బమ్‌లో జిల్ స్కాట్ చేతనే ఆ పాట పాడించి ఆమె చోటు ఆమెకిచ్చారు. సరిగ్గా ఏడాదికి, 2000 ఫిబ్రవరి 23న, ఆ పాటకు గ్రామీ వచ్చింది. సౌత్ స్ట్రీట్ బకెట్ల నుంచి అక్కడికి పదమూడేళ్లు. ఆల్బమ్‌కు పది లక్షల ప్రతుల గుర్తింపు రావడానికి ఇంకో పదమూడేళ్లు, 2013 దాకా పట్టింది.

గెలిచిన వేళే జట్టులో ఒకరు జారిపోయారు. మాలిక్ బి. మత్తుమందుల్లో కూరుకుపోయి బయటికి వెళ్లాడు. 2002 నాటి ‘ఫ్రెనాలజీ’లో బ్లాక్ థాట్ ‘వాటర్’ అనే పాట అతని గురించే రాశాడు. అందులో కోపం ఉంది, బతిమాలడం ఉంది, అన్నదమ్ముడి మీద ఉండే విసుగు ఉంది. మత్తుమందుల మీద ఎన్నో రాప్ పాటలు విన్నాను. పక్కన నిలబడి పాడిన మనిషి పేరు మీద రాసిన ఇలాంటిది అరుదు. మాలిక్ 2020లో పోయాడు, హబ్ ఆ మరుసటి ఏడు పోయాడు.

తర్వాతి సంవత్సరాలు త్వరగా చెప్పేస్తాను. 2006లో ‘గేమ్ థియరీ’, 2008లో ‘రైజింగ్ డౌన్’ చీకటి ఆల్బమ్‌లు. కత్రినా తుపానులో న్యూ ఆర్లీన్స్ నల్లవాళ్లను సర్కారు గాలికొదిలేసిన తర్వాతి కాలపు కోపం వాటిలో ఉంది. 2009 మార్చి 2న జిమ్మీ ఫాలన్ అర్ధరాత్రి టీవీ కార్యక్రమానికి ఆస్థాన బృందంగా చేరారు. అమ్ముడుపోయారన్నవాళ్లు చాలామంది. నేను ఆ మాట ఒప్పుకోను. ఏడాదిలో చాలా భాగం బస్సుల్లో బతికిన నడివయసు మనుషులకు నెల జీతం, రాత్రికి ఇల్లు, పిల్లల మొహం దొరకడం అమ్ముడుపోవడం ఎలా అవుతుంది? నల్లజాతి వాద్యకారుడు దరిద్రంలో చనిపోతేనే నిజాయితీపరుడు అన్న పాత లెక్క ఇకనైనా మానాలి.

జీతం చేతిలో ఉన్నాక హిట్టు కోసం వెంపర్లాడాల్సిన పని తప్పింది. వాళ్ల ఆల్బమ్‌లన్నిటిలోకీ సాహసమైనది, 2011 నాటి ‘అన్‌డన్’, అందుకే సాధ్యమైందని నా నమ్మకం. రెడ్‌ఫర్డ్ స్టీఫెన్స్ అనే కల్పిత యువకుడి చావుతో మొదలై వెనక్కి నడుస్తుంది. పిల్లవాణ్ని నేరంలోకి నెట్టిన మలుపులు ఒక్కొక్కటే వెనక నుంచి ముందుకు వస్తాయి. చివర మాటల్లేని నాలుగు భాగాల సంగీతం. మూడో భాగంలో పియానో మీద డి.డి. జాక్సన్, డ్రమ్ముల మీద క్వెస్ట్‌లవ్ కలబడతారు. ఇరవై నాలుగేళ్లు ఇతరుల మాట వినపడాలని చెయ్యి బిగబట్టుకుని వాయించిన మనిషి అక్కడ పగ్గాలు వదిలేశాడు.

(వచ్చే వారం: న్యూయార్క్ ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో డి’ఏంజెలో, కామన్, జె డిల్లాలతో క్వెస్ట్‌లవ్ గడిపిన రోజులు, ‘వూడూ’ ఆల్బమ్ పుట్టుక)